వైరు లేకుండా వీఆర్: బెంగళూరు అద్దె ఇంట్లో వైర్‌లెస్ అడాప్టర్ కుదుర్చుకోవడం ఎలా?

మారతహళ్లిలో మేముండే ఇంట్లో రెండో బెడ్‌రూమ్ పది అడుగులకి పదకొండు. బీరువా, బల్ల పోగా మనిషి చేతులు చాపి తిరగడానికి మిగిలేది ఆరడుగుల చోటు. అమెరికా నుంచి వచ్చినప్పుడు బావ తన పాత క్వెస్ట్ 2 వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ నాకిచ్చి వెళ్లాడు. దాన్ని 5 మీటర్ల యూఎస్‌బీ వైరుతో పీసీకి తగిలించి ఆడటం మొదలుపెట్టాను. మూడో రోజు ఆ వైరు కాలికి చుట్టుకుంది. నేను పడలేదు కానీ, బల్ల మీది కీబోర్డు, దాని పక్కనున్న కాఫీ గ్లాసు పడ్డాయి.

బావకి ఫోన్ చేశాను.

"ఇంట్లో ఫైబర్ ఉందన్నావు కదరా, వైర్‌లెస్‌లో ఆడుకో."

"అదీ చూశాను బావా. ఒక్క నిమిషం బాగానే ఉంటోంది, తర్వాత బొమ్మంతా ముక్కలు ముక్కలైపోతోంది."

"అయితే ప్లాన్ పెంచి చూడు."

పెంచాను. నెలకి ఐదొందలు ఎక్కువ కట్టాను. బొమ్మ అలాగే ముక్కలైంది. ఎందుకంటే పీసీ నుంచి హెడ్‌సెట్‌కి వచ్చే వీడియోకి ఇంటర్నెట్‌తో పనే లేదు. అది మన ఇల్లు దాటి బయటికి వెళ్లదు. పీసీ నుంచి రౌటర్‌కి, అక్కణ్నుంచి తలకి, అంతే. సరిచేసుకోవాల్సింది ఆ నాలుగైదు అడుగుల గాలినీ, దానికి ముందున్న ఒక్క వైరునీ.

ముందు లెక్క చూద్దాం

క్వెస్ట్ 2లో ఒక్కో కంటికి 1832×1920 పిక్సెళ్లు. రెండు కళ్లకీ కలిపితే డెబ్భై లక్షల పైచిలుకు. పిక్సెల్‌కి 24 బిట్లు, సెకనుకి 90 ఫ్రేములు అనుకుంటే, కుదించకుండా పంపడానికి సెకనుకి సుమారు 15 గిగాబిట్లు కావాలి. ఇంట్లో వైఫై అంత మోయలేదు. అందుకే పీసీలోని గ్రాఫిక్స్ కార్డ్ ప్రతి ఫ్రేమునీ వీడియోలా కుదించి పంపుతుంది, హెడ్‌సెట్‌లోని చిప్ దాన్ని విప్పి చూపిస్తుంది. 150 ఎంబీపీఎస్ (సెకనుకి 150 మెగాబిట్లు) దగ్గర పెట్టుకుంటే అసలు లెక్కలో నూరో వంతన్నమాట.

నూరో వంతే కదా, వైఫైకి అదెంత అనిపిస్తుంది. చిక్కు వేగంలో లేదు, టైములో ఉంది. 90 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది 11 మిల్లీసెకన్లు. ఫోన్లో సినిమా చూసేటప్పుడు నెట్ కాసేపు ఆగినా మనకి తెలియదు, ముందే కొంత దాచుకుని ఉంటుంది. వీఆర్‌లో ఆ వీలు లేదు. మీరు తల ఎటు తిప్పబోతున్నారో పీసీకి తెలియదు, ముందుగా దాచడానికి ఏమీ ఉండదు. గాలిలో ఒక్క చిన్న ఆలస్యం జరిగినా నేరుగా కంటికి తగులుతుంది, తర్వాత కడుపులో తిప్పుతుంది.

ఏ అడాప్టర్? పేరొకటే, వస్తువులు మూడు

"వీఆర్ వైర్‌లెస్ అడాప్టర్" అని వెతికితే ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు వస్తువులు కనిపిస్తాయి. తెలియక కొంటే డబ్బు దండగ.

మొదటిది హెచ్‌టీసీ వైవ్ లాంటి, వైరు తప్ప వేరే దారి లేని హెడ్‌సెట్ల కోసం వచ్చినది. 2018 సెప్టెంబర్‌లో 299 డాలర్లకి విడుదలైంది. ఇంటెల్ వైగిగ్ టెక్నాలజీతో 60 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. పీసీ లోపల పీసీఐఈ కార్డు బిగించాలి కాబట్టి డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకే. దీన్ని క్వెస్ట్‌కి వాడలేం, వాడాల్సిన అవసరమూ లేదు.

రెండోది పీసీ యూఎస్‌బీకి గుచ్చే వైఫై అడాప్టర్. పీసీయే చిన్న హాట్‌స్పాట్ అవుతుంది, హెడ్‌సెట్ నేరుగా దానికే కనెక్ట్ అవుతుంది. 2022లో డీ-లింక్ సంస్థ, క్వెస్ట్ తయారుచేసే మెటాతో కలిసి తెచ్చిన వీఆర్ ఎయిర్ బ్రిడ్జ్ ఈ కోవలోదే.

మూడోది మామూలు రౌటర్. కాకపోతే హెడ్‌సెట్‌కి తప్ప ఇంకెవరికీ పాస్‌వర్డ్ చెప్పకూడదు.

నా ఓటు మూడోదానికే. లాన్ పోర్టు (నెట్‌వర్క్ వైరు గుచ్చే చోటు) ఉన్న పీసీ అయితే ఇంకో ఆలోచన పెట్టుకోకండి. హాస్టల్లోనో పీజీలోనో ల్యాప్‌టాప్‌తో ఉంటే రెండోది. వైవ్ ఉంటేనే మొదటిది. ఒక మాట: ఆఫీసు ల్యాప్‌టాప్ మీద మాత్రం ఇవేవీ చేయకండి. అందులోని వీపీఎన్, ఫైర్‌వాల్ కలిసి హెడ్‌సెట్‌ని ఎలాగూ కనిపించనివ్వవు. అది అటుంచితే, సోమవారం ఐటీ వాళ్లు అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

ఒకటో అడుగు: పీసీ నుంచి రౌటర్‌కి వైరే

వైర్‌లెస్ కోసం చదువుతుంటే మళ్లీ వైరంటాడేంటి అనుకోకండి. అసలు పని ఇక్కడే ఉంది. పీసీ కూడా వైఫై మీదే ఉంటే ఒకే ఫ్రేము రెండుసార్లు గాలిలో ప్రయాణించాలి, ఒకసారి పీసీ నుంచి రౌటర్‌కి, ఇంకోసారి రౌటర్ నుంచి హెడ్‌సెట్‌కి. వైఫైలో ఒక చానెల్ (తరంగాలు నడిచే దారి) మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. కాబట్టి ఉన్న టైములో సగం మొదటి ప్రయాణమే తినేస్తుంది.

రౌటర్ కొనే ముందు దాని లాన్ పోర్టుల వేగం చూడండి. డబ్బా మీద వైఫై వేగం పెద్ద అంకెల్లో వేసి, పోర్టు వేగం ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో 10/100 అని రాసేవి ఉంటాయి. అలాంటి పోర్టు సెకనుకి 100 మెగాబిట్లు దాటనివ్వదు. మీకు గిగాబిట్ కావాలి, అంటే 10/100/1000 అని ఉండాలి. కనెక్షన్ పెట్టినప్పుడు ఇచ్చిన రౌటర్‌ని కూడా ఒకసారి తిప్పి చూడండి.

వైరు విషయంలో నేను పది రోజులు పోగొట్టుకున్నాను. ఎస్పీ రోడ్‌లో ఒక షాపులో నా కళ్లముందే పది మీటర్ల క్యాట్ 6 వైరు కత్తిరించి, రెండు చివర్లా కనెక్టర్లు నొక్కి ఇచ్చారు. ఇంటికొచ్చి పెడితే నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. వీఆర్ మాత్రం మళ్లీ ముక్కలే. రౌటర్ మార్చాను, చానెళ్లు మార్చాను, విండోస్ కూడా కొత్తగా వేశాను. చివరికి ఒక రాత్రి విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఈథర్నెట్ తెరిచి లింక్ స్పీడ్ దగ్గర చూస్తే 100/100 అని ఉంది. 1000/1000 ఉండాల్సిన చోటు. లాన్ వైరులో ఎనిమిది తీగలుంటాయి. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, 100కి నాలుగు చాలు. ఒక్క తీగ కనెక్టర్‌లో సరిగ్గా కూర్చోకపోయినా రెండు వైపులవీ కూడబలుక్కుని చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతాయి. ఎర్రర్ రాదు, ఎవరూ చెప్పరు. కనెక్టర్‌ని వెలుతురులో పెట్టి చూస్తే గోధుమరంగు తీగ ఒక అరమిల్లీమీటరు వెనకే ఆగిపోయి ఉంది. ఆ చివర కోసేసి కొత్త కనెక్టర్ నొక్కించాక 1000 వచ్చింది.

కాబట్టి వైరు తగిలించగానే మొట్టమొదట చూడాల్సింది ఆ అంకె.

రెండో అడుగు: రౌటర్ సెట్టింగులు

హాల్లోని ఫైబర్ డబ్బా నుంచి ఒక లాన్ వైరు బెడ్‌రూమ్‌లోని కొత్త రౌటర్‌కి, దాన్నుంచి ఇంకో వైరు పీసీకి. కొత్త రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, అంటే అది వేరే నెట్‌వర్క్ పెట్టకుండా పాతదాన్నే వైఫైగా అందిస్తుంది. రౌటర్ మోడ్‌లోనే వదిలేసి, పీసీని పాత రౌటర్‌కీ హెడ్‌సెట్‌ని కొత్తదానికీ కలిపితే రెండూ వేర్వేరు నెట్‌వర్కుల్లో పడతాయి, ఒకదానికొకటి కనిపించవు. సగం మంది "పీసీ దొరకట్లేదు" అని మొత్తుకునేది దీనికే. మిగతా సగానికి కారణం గెస్ట్ నెట్‌వర్క్, లేదా ఒకే వైఫైలో ఉన్నవాటిని ఒకదానికొకటి కనిపించనివ్వని ఏపీ ఐసోలేషన్ అనే ఆప్షన్ ఆన్‌లో ఉండటం. దాన్ని ఆపేయండి. విండోస్‌లో కూడా ఆ కనెక్షన్‌ని పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కి మార్చండి, లేకపోతే ఫైర్‌వాల్ అడ్డుపడుతుంది.

వైఫై వాడే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండిటికీ ఒకే పేరు పెట్టే స్మార్ట్ కనెక్ట్‌ని తీసేసి, 5కి వేరే పేరు పెట్టండి. కొత్త రౌటర్‌లో 2.4ని పూర్తిగా ఆపేసినా నష్టం లేదు.

ఇక చానెల్. అపార్ట్‌మెంట్లో ఉంటే ఈ పనికి పావుగంట కేటాయించండి. ఫోన్లో ఏదైనా వైఫై ఎనలైజర్ యాప్ తెరిచి, మీరు ఆడే చోటే నిలబడి చూడండి. మా గదిలో ఇరవై రెండు నెట్‌వర్కులు కనిపించాయి. వాటిలో ఎక్కువ భాగం 36 నుంచి 48 చానెళ్ల మధ్యే కూర్చున్నాయి, ఎందుకంటే ఎవరూ సెట్టింగ్ ముట్టుకోలేదు. నేను 149కి వెళ్లిపోయాను, అక్కడ ఇద్దరే ఉన్నారు. చానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ పెట్టండి. "ఆటో"లో వదలకండి, మధ్యలో దానికి బుద్ధి పుట్టి చానెల్ మారిస్తే మీరు చీకట్లో నిలబడతారు.

52 నుంచి 144 దాకా ఉన్న చానెళ్లు ఖాళీగా కనిపిస్తాయి, ఆశ పుడుతుంది. మన దేశంలో 2018లోనే వాటినీ లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చారు. కానీ అవి రాడార్లతో పంచుకునే చోటు. రాడార్ సంకేతం విన్నట్టు అనిపిస్తే రౌటర్ వెంటనే ఆ చానెల్ వదిలేయాలి, డీఎఫ్‌ఎస్ నియమం అది. కొత్త చానెల్‌లో కూర్చునే ముందు కూడా కనీసం ఒక నిమిషం చెవులు రిక్కించి వినాలి. హెచ్‌ఏఎల్ రన్‌వేకి ఇంత దగ్గరుండి ఆ ప్రయోగాలు నాకెందుకనిపించి వదిలేశాను. 5 గిగాహెర్ట్జ్‌లో 160 మెగాహెర్ట్జ్ వెడల్పు పెట్టినా దాదాపుగా ఇదే గొడవ, ఆ వెడల్పు కావాలంటే డీఎఫ్‌ఎస్ చానెళ్లని కలుపుకోవాల్సిందే.

రౌటర్ ఎక్కడ పెట్టాలి? ఆడే గదిలోనే, భుజం కంటే ఎత్తులో, మధ్యలో ఏదీ అడ్డు లేకుండా. నాది బీరువా మీద ఉంది. లోపల కాదు, పక్కన కాదు, ఇనప బీరువా వెనక అసలే కాదు. 5 గిగాహెర్ట్జ్ తరంగం మన సిమెంటు గోడ దాటేసరికి బాగా నీరసించిపోతుంది. ఫోన్లో వీడియోకి ఆ మిగిలింది చాలు, వీఆర్‌కి చాలదు.

రౌటర్ బదులు యూఎస్‌బీ అడాప్టరో హాట్‌స్పాటో అయితే

ఇంటర్నెట్ పీసీకి లాన్ వైరు ద్వారా రావాలి, వైఫై కార్డు హాట్‌స్పాట్ పని మాత్రమే చేయాలి. ఒకే కార్డుతో నెట్ తీసుకుంటూ అదే కార్డుతో హాట్‌స్పాట్ ఇస్తే అది రెండు పనుల మధ్య నలిగిపోతుంది. విండోస్‌లో మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, బ్యాండ్ దగ్గర 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. పవర్ సేవింగ్ ఆపేయండి, లేకపోతే హెడ్‌సెట్ కాసేపు పక్కన పెట్టగానే హాట్‌స్పాట్ నిద్రపోతుంది. కొన్ని ల్యాప్‌టాప్ కార్డుల్లో 5 గిగాహెర్ట్జ్ ఆప్షనే రాదు. అప్పుడు విడిగా అడాప్టర్ కొనక తప్పదు.

అడాప్టర్‌ని యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టండి, చాలా పీసీల్లో లోపల నీలంగా ఉండేది. డెస్క్‌టాప్ వెనక గుచ్చితే ఇనప క్యాబినెట్టే దానికి గోడ. అడుగున్నర యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి బల్ల మీదికి తీయండి. ఈ చిన్న మార్పుకే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

హాట్‌స్పాట్‌లో ఒక రోగం ఉంది. అంతా సాఫీగా నడుస్తూ, గడియారం పెట్టినట్టు కొంతసేపటికొకసారి బొమ్మ ఒక్క క్షణం కొట్టుకుంటుంది. విండోస్ చుట్టుపక్కల నెట్‌వర్కుల కోసం వెతికే వేళ అది. ఆడేటప్పుడు వైఫై జాబితా కిటికీ తెరిచి ఉంచకండి, లొకేషన్ సర్వీస్ ఆపి చూడండి. తడబాటు సరిగ్గా లెక్కపెట్టినట్టు వస్తుంటే మాత్రం అనుమానం దీని మీదే పెట్టుకోండి.

మూడో అడుగు: హెడ్‌సెట్‌ని కలపడం

ఇది సులువు. హెడ్‌సెట్‌లో కొత్త 5 గిగాహెర్ట్జ్ పేరు ఎంచుకుని, పాత నెట్‌వర్క్‌ని మరచిపొమ్మనండి, లేకపోతే ఒకరోజు చెప్పకుండా దానికే వెళ్లిపోతుంది. కనెక్షన్ వివరాల్లో లింక్ వేగం చూడండి. 80 మెగాహెర్ట్జ్ మీద వైఫై 6 రౌటర్ అయితే 1200, వైఫై 5 అయితే 866 దగ్గర ఉండాలి. రెండు మూడొందలు చూపిస్తుంటే వెడల్పో, దూరమో తేడా ఉందని అర్థం.

సాఫ్ట్‌వేర్ మూడు రకాలు. మెటా సొంత ఎయిర్ లింక్ 2021లో వచ్చింది, ఉచితం. వాల్వ్ వాళ్ల స్టీమ్ లింక్ 2023 చివర్లో క్వెస్ట్‌కి వచ్చింది, అదీ ఉచితమే. గేములన్నీ స్టీమ్‌లో ఉన్నవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి, పీసీలో స్టీమ్ వీఆర్ ఉంటే చాలు. మూడోది వర్చువల్ డెస్క్‌టాప్, డబ్బు పెట్టి కొనాలి. నేను కొన్నాను, కారణం ఒక్కటే: ఆలస్యం ఎక్కడ జరుగుతోందో విడివిడిగా చూపిస్తుంది.

నాలుగో అడుగు: అంకెలు చూసి సరిచేయడం

వర్చువల్ డెస్క్‌టాప్‌లో పెర్ఫార్మెన్స్ ఓవర్లే ఆన్ చేస్తే గేమ్, ఎన్‌కోడింగ్ (కుదించడం), నెట్‌వర్కింగ్, డీకోడింగ్ (విప్పడం) అని నాలుగు ఆలస్యాలు మిల్లీసెకన్లలో కనిపిస్తాయి. ఏది పెరిగితే దాన్నే పట్టుకోవాలి. గేమ్ అంకె పెరిగితే గ్రాఫిక్స్ కార్డ్ అలసిపోతోంది, గేములో సెట్టింగులు తగ్గించండి, రౌటర్‌ని తిట్టకండి. డీకోడింగ్ పెరిగితే హెడ్‌సెట్ చిప్ మోయలేకపోతోంది, బిట్‌రేట్ (సెకనుకి పంపే మెగాబిట్లు) దించండి. నెట్‌వర్కింగ్ ఒక్కటే ఎగిరెగిరి పడుతుంటే అప్పుడు గాలి సంగతి.

నా గదిలో నెట్‌వర్కింగ్ 6, 7 దగ్గర నిలకడగా ఉంటుంది, మొత్తం కలిపి 45 అటూ ఇటూ. సగటు అంకె కంటే నిలకడ ముఖ్యం. ఎప్పుడూ 12 ఉండటం నయం, 5 నుంచి 40కి దూకడం కంటే.

బిట్‌రేట్ 100 దగ్గర మొదలుపెట్టి పాతికకో మెట్టు చొప్పున ఎక్కండి. ఎక్కువ పెడితే మంచి బొమ్మ అనుకుని మొదటిరోజే చివరిదాకా తోసేస్తారు అందరూ, నేనూ అంతే. హెచ్‌ఈవీసీ కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) అదే బిట్‌రేట్‌కి హెచ్.264 కంటే శుభ్రమైన బొమ్మ ఇస్తుంది, బదులుగా విప్పడానికి కాస్త ఎక్కువ సేపు తీసుకుంటుంది. తాళానికి తగ్గట్టు చేతులూపే ఆటలకి హెచ్.264, తీరిగ్గా కూర్చుని విమానం నడిపే ఆటలకి హెచ్‌ఈవీసీ వాడుతున్నాను. క్వెస్ట్ 3, దానికి తోడు ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు ఏవీ1 అనే ఇంకో కోడెక్ కూడా చూడొచ్చు.

వైవ్ ఉన్నవాళ్లకి నాలుగు మాటలు

కార్డుని పీసీఐఈ ఎక్స్1 స్లాట్‌లో పెట్టి, దాన్నుంచి వచ్చే వైరుకి ఉన్న చిన్న యాంటెనా డబ్బాని మానిటర్ మీదో గోడ మీదో ఎత్తుగా బిగించండి, ముఖం ఆట స్థలం వైపు. అది 150 డిగ్రీల మేర, 6 మీటర్లకి 6 మీటర్ల చోటు చూస్తుంది. 60 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 5 మిల్లీమీటర్లే. గోడ సంగతి సరే, తల మీదున్న రిసీవర్‌కి అడ్డంగా చెయ్యి ఎత్తినా తడబడగలదు. అందుకే యాంటెనాకి మీ తల పైభాగం ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. దాంతో వచ్చే పవర్ బ్యాంక్ రెండున్నర గంటలదాకా వస్తుంది. బదులు వాడితే క్విక్ చార్జ్ 3.0 ఉన్నదే చూడండి. వైవ్ ప్రోకి విడిగా ఇంకో కనెక్టింగ్ కిట్ కావాలి, సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు అది ఉందో లేదో అడగండి.

గదిలో

సీలింగ్ ఫ్యాన్. హెడ్‌సెట్ సరిహద్దు గీత నేల మీద గీస్తుంది, పైకప్పు సంగతి దానికి తెలియదు. అక్క కొడుకు బంతి విసరబోయి కంట్రోలర్‌ని రెక్కకి కొట్టాడు. చేతికి ఏమీ కాలేదు కానీ ప్లాస్టిక్ రింగు పగిలింది. అప్పటినుంచి ఆట మొదలయ్యే ముందు ఫ్యాన్ ఆపి టేబుల్ ఫ్యాన్ పెడుతున్నాం. దాంతో ఇంకో లాభం ఉంది. గాలి ఎటు తగులుతోందో బట్టి, కళ్లు మూసినట్టే ఉన్నా మీరు ఎటు తిరిగి ఉన్నారో ఒంటికి తెలుస్తుంది. వైరు లేనప్పుడు ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఎన్ని చుట్లు తిరిగినా ఆపేది ఏదీ ఉండదు.

కరెంటు. మాకు జనరేటర్ అందుకోడానికి కొన్ని సెకన్లు పడుతుంది. రౌటర్‌కి మాత్రమే చిన్న యూపీఎస్ పెట్టి లాభం లేదు, పీసీ ఆరిపోతే పంపేవాళ్లెవరు? యూపీఎస్ పెడితే రెండిటికీ పెట్టండి. బొమ్మ ఆగిపోతే కంగారుపడి అడుగు వేయకండి, ఉన్నచోటే నిలబడి హెడ్‌సెట్ పైకి తీయండి.

ఎండ. బాల్కనీ వైపు లెన్సులు తిరిగేలా హెడ్‌సెట్‌ని పెట్టకండి. భూతద్దంలా పనిచేసి లోపలి తెరని కాల్చేస్తాయి.

అంతా కుదిరాక ఒక పరీక్ష. గదిలో రౌటర్‌కి బాగా దూరంగా ఉన్న మూలకి వెళ్లి, దానికి వీపు పెట్టి, కింద గొంతుక్కూర్చుని రెండు నిమిషాలు తల అటూ ఇటూ తిప్పండి. నెట్‌వర్కింగ్ అంకె కదలకపోతే సరే. పెరిగితే రౌటర్‌ని ఇంకో అడుగు పైకెత్తి మళ్లీ చూడండి. ఇదే పరీక్ష రాత్రి తొమ్మిదింటికి, చుట్టూ అందరూ ఇంట్లో ఉన్నప్పుడు ఇంకోసారి చేయండి.

ఆ 5 మీటర్ల వైరు పారేయలేదు నేను. కొత్త గేములో ఏదైనా తడబాటు వస్తే ముందు అదే తగిలించి చూస్తాను. వైరుతోనూ తడబడితే తప్పు గాలిది కాదు, గ్రాఫిక్స్ కార్డుది.